మూడో పాదం

కరీంనగర్ ప్రభుత్వాసుపత్రి వార్డులోనైనా, ఆదిలాబాద్ రిమ్స్ క్యాజువాలిటీలోనైనా నర్సును పేరు పెట్టి పిలిచేవాళ్లు అరుదు. డాక్టరుకూ, వార్డుబాయ్‌కీ, మంచం పక్కన కూర్చున్న చుట్టానికీ ఆమె సిస్టరే. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ దానికి ఇంకో అమ్మను చేర్చి ‘సిస్టరమ్మా’ అంటుంది. ప్రభుత్వం స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసరుగా మార్చింది. కాగితం మీద మారిన ఆ పేరు నోటికి ఇంకా అలవాటు కాలేదు. ఈ సిస్టరన్న పిలుపు క్రైస్తవ మఠాల నుంచి వచ్చింది. రోగిసేవను దైవకార్యంగా స్వీకరించిన సన్యాసినులు పెట్టుకున్న పేరు అది. మన వైపు వెస్లియన్ మిషన్ వాళ్లు వచ్చి ఆసుపత్రులు పెట్టారు, కరీంనగర్‌లో మిషన్ ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. అయితే మఠంలో ఉన్న సిస్టరుకు జీతం లేకపోయినా మఠం ఉండేది. వేళకు తిండి ఉండేది. ప్రార్థనకూ, విశ్రాంతికీ గంట కొట్టేవారు. జబ్బు చేస్తే చూసే తోటి సిస్టర్లు, ముసలితనంలో తల దాచుకునే కప్పు ఉండేవి. మనం ఆ పిలుపును తెచ్చుకున్నాం, ఆమె త్యాగాన్ని తెచ్చుకున్నాం, మఠాన్ని మాత్రం అక్కడే వదిలేశాం. పన్నెండు గంటల నైట్ డ్యూటీ చేసి, పొద్దున బస్టాండులో గోదావరిఖని బస్సు కోసం నిలబడి, ఇంటికి పోయి పొయ్యి వెలిగించాల్సిన మనిషిని సన్యాసిని పేరుతో పిలుస్తున్నాం.

పేరు గురించి ఇంత చర్చ ఎందుకంటే, నర్సుల పని బతుకు గురించి ఎక్కడ మాట మొదలుపెట్టినా అది చివరికి ‘సేవ’ అనే మాట దగ్గర ఆగిపోతుంది. జీతం చాలదంటే ఇది సేవ కదా అంటారు. మనుషులు చాలరంటే సేవాభావం ఉంటే ఎంతమందినైనా చూడొచ్చంటారు. సేవ అనేది ధర్మశాస్త్రాల్లోంచి, పురాణాల్లోంచి వచ్చిన మాట కనుక దాని ముందు అంకెలు నిలబడవు, యూనియన్ వినతిపత్రాలు కూడా నిలబడవు. అందుకే ఈ ప్రశ్నను ఆ మాట పుట్టిన చోటే అడగాలి. సేవ చేసేవాళ్ల స్థితిగతుల గురించి మన ధర్మగ్రంథాలు నిజంగా ఏమన్నాయి? నేను చెప్పదలచింది ఒక్కటే. సేవను మనం చేసేవాళ్ల గుణంగా మాత్రమే చదువుకున్నాం. చేయించుకునేవాళ్ల మీద కూడా అది పెట్టిన బాధ్యతను చదవకుండా దాటేశాం.

చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం చికిత్సను నాలుగు పాదాల మీద నిలబెట్టింది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కో పాదానికి నాలుగేసి గుణాలు. మూడో పాదమైన పరిచారకుడికి చెప్పినవి ఉపచారం తెలిసి ఉండడం, దక్షత, రోగి పట్ల అనురాగం, శుచి. వీటిలో అనురాగం ఒకటి మాత్రమే. మిగతా మూడూ చదువుకూ, నేర్పుకూ, క్రమశిక్షణకూ చెందినవి. మనం వాడుకలో సేవాభావం అంటున్నది ఆ నాలుగో వంతును. నిజమే, చరకుడు నాలుగు పాదాల్లో వైద్యుడే ప్రధానమన్నాడు. కుమ్మరి లేకపోతే మట్టీ చక్రమూ ఉన్నా కుండ కాదనే పోలిక కూడా ఇచ్చాడు. నర్సు స్థానాన్ని తగ్గించాలనుకునేవాళ్లకు ఆ పోలిక పనికొచ్చేట్టే కనిపిస్తుంది. కానీ ప్రధానం వేరు, ఏకైకం వేరు. మట్టి లేకుండా కుండ చేసిన కుమ్మరి ఏ ఊళ్లోనూ లేడు. పైగా పరిచారకుడిని వైద్యుడి చేతికింది మనిషిగా ఆ గ్రంథం లెక్కగట్టలేదు, చికిత్సకే ఒక పాదంగా లెక్కగట్టింది. పాదం కుంటిదైతే ఆ నష్టం పాదానికే కాదు, దాని మీద నిలబడ్డదానికంతటికీ.

ఈ కాలపు శాస్త్రం వేరే దారిలో వచ్చి దాదాపు అక్కడికే చేరింది. పనిచేసేవాళ్ల పని జీవితపు నాణ్యతను ఎలా కొలవాలో 1973లో రిచర్డ్ వాల్టన్ అనే అమెరికన్ ఆచార్యుడు ఎనిమిది కొలమానాలు చెప్పాడు. న్యాయమైన జీతం, ప్రమాదం లేని పనిచోటు, తన తెలివిని వాడుకునే వీలు, ఎదుగుదల, తోటివాళ్లలో కలుపుగోలు, మాట చెప్పుకునే హక్కూ నియమబద్ధతా, పనికీ ఇంటికీ మధ్య పొంతన, చివరిది తన పని సమాజానికి పనికొస్తోందన్న నిండుదనం. మార్వాడీ దుకాణంలో లెక్కలు రాసేవాడికి మొదటి ఏడింట్లో కొన్ని దొరకొచ్చు, ఎనిమిదోది దొరక్కపోవచ్చు. నర్సు సంగతి తలకిందులు. ఎనిమిదోది ఆమెకు పుట్టెడు దొరుకుతుంది. ఊపిరాడక వచ్చిన పసిపిల్లకు ఊపిరి అందినప్పుడు దాని విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. చిక్కల్లా ఆ ఎనిమిదో దాన్ని మిగతా ఏడింటికి చెల్లుగా రాసుకోవడంలో ఉంది. ఇంత పుణ్యం వస్తుంటే ఇంకా జీతమెందుకు అనే ప్రశ్న పైకి భక్తిగా వినిపిస్తుంది. లోపల అది చిట్టాపద్దు.

ఆ ఏడింటి లోటు నర్సును అన్నిటికన్నా ఎక్కువగా నలిపేది పనిభారంగానే. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. వానాకాలం వచ్చి ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు నుంచి మలేరియా, డెంగీ జ్వరాలు ఒక్కసారిగా దిగినప్పుడు ఏ వార్డులోనైనా ఆ లెక్క గోడ మీది క్యాలెండరు బొమ్మలా మిగిలిపోతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. నర్సు చేతికింద ఒక్క రోగి అదనంగా పెరిగితే, శస్త్రచికిత్స అయినవాళ్లు ముప్పై రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు పూర్తిగా డస్సిపోయే అవకాశం 23 శాతం పెరుగుతున్నాయని అందులో తేలింది. పన్నెండేళ్ల తర్వాత తొమ్మిది ఐరోపా దేశాల్లో చూసినప్పుడు కూడా మరణాల విషయంలో అదే 7 శాతం. అమెరికా లెక్క కరీంనగర్‌కు అచ్చంగా అతుకుతుందని నేననను. కానీ దిశ మారుతుందనుకోవడానికి కారణమేమీ లేదు. ఒక మనిషికి ఉన్నవి రెండు చేతులే, అవి పెన్సిల్వేనియాలోనైనా పెద్దపల్లిలోనైనా. పైగా మన దగ్గర భారాన్ని పెంచే కారణం ఇంకొకటుంది. 2019–20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఉమ్మడి కరీంనగర్ ప్రాంతం ఇందులో చాలా ముందుంది, కరీంనగర్ జిల్లాలో ఆ వాటా 80 శాతం దాటింది. దీన్ని తల్లుల కోణంలోంచి చాలామంది చర్చించారు, నర్సు కోణంలోంచి చూసినవాళ్లు తక్కువ. కోత పడిన ప్రతి బాలింతకూ గంటగంటకూ బీపీ చూడాలి, రక్తస్రావం గమనించాలి, మూత్రం గొట్టం, కుట్లు, నొప్పి ఇంజెక్షన్లు చూసుకోవాలి, లేచి నడిపించాలి, పాలు పట్టించడం నేర్పాలి. కోత నిర్ణయం ఎవరిదైనా కోత తర్వాతి గంటలన్నీ నర్సువి.

భారం అనగానే ఒళ్లు నొప్పులే గుర్తొస్తాయి. అంతకన్నా లోతైన గాయం ఒకటుంది. దానికి 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్త్వవేత్త ఒక పేరు పెట్టాడు, తెలుగులో నైతిక వేదన అనుకోవచ్చు. ఏది చేయడం సరైనదో తెలిసీ, తాను పనిచేసే సంస్థ తీరు వల్ల అది చేయలేకపోవడం. మూడో మంచం మీది ముసలాయనను పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడతాయని ఆమెకు తెలుసు. పదకొండో మంచం దగ్గర సెలైన్ అయిపోతోంది. ఇరవయ్యో మంచం దగ్గర ఎవరో ఏడుస్తున్నారు. ముసలాయనను తిప్పకపోవడం ఆమె ఎంపిక కాదు, అయినా అది తన తప్పుగానే ఆమెకు తోస్తుంది. ధర్మం తెలియకపోతే అజ్ఞానం అంటాం, తెలిసీ చేయకపోతే అధర్మం అంటాం. తెలిసీ చేయనివ్వకపోతే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది? మన చర్చల్లో ఈ మూడోదానికి చోటే లేదు. అందుకే దాన్ని కూడా మోయడానికి డ్యూటీలో ఉన్న ఆ ఒక్క మనిషే మిగులుతుంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. పనిమీదనే నీకు అధికారం, ఫలం మీద కాదని గీత బోధించింది కదా, పని పరిస్థితుల గురించీ జీతం గురించీ ఇంత ఆరా తీయడం ఆ ఆదర్శానికే విరుద్ధం కదా అని. ఈ మాట అనేవాళ్లందరూ కపటులు కారు. లెక్క మొదలైతే కరుణ ఆగిపోతుందని నిజంగా భయపడేవాళ్లున్నారు. కానీ ఫలత్యాగం చేసేవాడి సాధన. దాన్ని ఇంకొకరు విధించడానికి వీల్లేదు. వేములవాడ రాజన్న గుడికి వచ్చినవాడు తన మొక్కు కోసం కోడెను తానే పట్టుకొని గుడిచుట్టూ తిప్పి కట్టేస్తాడు. ఇంకొకరి చేత బలవంతంగా మొక్కించి, ఆ కోడెను తెచ్చి మన కొట్టంలో కట్టేసుకుంటే దాన్ని భక్తి అనరు. నర్సు తన ఫలాన్ని వదులుకుంటే అది దేవుడికి చెందాలి, లేదా ఎవరికీ చెందకూడదు. ఆసుపత్రి యజమాని ఖాతాలోనో ఏజెన్సీ కమీషన్‌లోనో అది తేలిందంటే జరిగింది త్యాగం కాదు, చేతులు మారడం. ఇంతకీ ఆ గీతే మూడో అధ్యాయంలో యజ్ఞం గురించి చెప్పేటప్పుడు పరస్పర పోషణ మాట తెచ్చింది. అందుకున్నదానికి తిరిగి ఇవ్వకుండా తినేవాడిని దొంగ కింద జమకట్టింది. రెండో అధ్యాయం నర్సుకూ, మూడో అధ్యాయం ఎవరికీ కాకుండా మనం గీతను పంచుకున్నాం.

లెక్క వస్తే కరుణ పోతుందన్న భయానికి బౌద్ధ సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఇంకా సూటి జవాబు దొరుకుతుంది. ఇది మన ప్రాంతానికి పరాయి గ్రంథం కాదు. ధూళికట్టలో, అంటే ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో, స్తూపం బయటపడింది. బుద్ధుడి దగ్గరికి శిష్యులను పంపిన బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదనకుర్తి దగ్గర గోదావరి ఒడ్డున ఉండేదని నమ్మే చరిత్రకారులూ ఉన్నారు. వినయపిటకంలో భాగమైన మహావగ్గంలో ఒక కథ ఉంది. అందులో ఒక భిక్షువు కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. ఎవరూ చూడరు. అతనివల్ల మాకేం ఉపయోగం లేదు కనుక చూడలేదంటారు తోటి భిక్షువులు. బుద్ధుడూ ఆనందుడూ అతన్ని కడిగి మంచం మీద పడుకోబెడతారు. రోగికి చేసిన సేవ నాకు చేసినట్టేనని బుద్ధుడు అంటాడు. ఉపన్యాసాల్లో, ఆసుపత్రి వార్షికోత్సవాల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు విషయం ఆ తర్వాత ఉంది. బుద్ధుడు కరుణను కరుణకే వదిలేయలేదు, నియమం చేశాడు. ఎవరు ఎవరిని చూడాలో, చూడకపోతే దోషమేమిటో నిర్ణయించాడు. పరిచారకుడికి ఉండాల్సిన గుణాలు చెప్పాడు. అంతే వరసగా, సేవ చేయడానికి కష్టమైన రోగి ఎలా ఉంటాడో కూడా చెప్పాడు. చివరికి, రోగి చనిపోతే అతని భిక్షాపాత్రనూ చీవరాలనూ సేవ చేసినవారికి ఇవ్వమన్నాడు. సర్వం వదులుకున్న సంఘంలో ఒక మనిషి వెనక మిగిలే ఆస్తి ఆ పాత్రా ఆ వస్త్రాలే. దాన్ని ఇవ్వడంవల్ల సేవ చేసిన భిక్షువు అనురాగం మాసిపోతుందని ఎవరికీ తోచలేదు. ఇంకో నియమం కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది. భిక్షువుతో పాటు ఇంకా దీక్ష పూర్తికాని సామణేరుడు కూడా సేవ చేస్తే, అతనికీ సమాన భాగం ఇవ్వాలి.

సామణేరుడి వాటా అంటే మన వార్డుల భాషలో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ నర్సు జీతం. ఒకే వార్డులో, ఒకే డ్యూటీలో, ఒకే ట్రాలీ తోస్తూ ఇద్దరు నర్సులు రెండు రకాల జీతాలు తీసుకోవడం మనకు చూసి చూసి మామూలైపోయింది. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన మతప్రచారకుల బృందానికి కరోనా ఉందని తేలి కరీంనగర్ ఒక్కసారిగా వార్తల్లోకి ఎక్కింది. ఆ నెలలోనే దేశమంతా చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. ఆ ఏడాదిని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ముందే ప్రకటించి ఉంది. అదే ఏడాది జూలైలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం సమ్మె చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జూలైలో, కరోనా కాలానికి తీసుకున్న 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను తెలంగాణ ప్రభుత్వం తొలగించింది. సమాన పనికి సమాన జీతం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే పంజాబ్ కేసులో తీర్పు చెప్పింది. వినయపిటకానికీ ఆ తీర్పుకూ మధ్య రెండు వేల ఏళ్ల పైచిలుకు దూరం ఉంది. చెప్పిన మాట ఒకటే, వినని చెవులూ అవే. ఈ తూకంలో ప్రభుత్వం వైపున్నదాన్నీ రాయాలి. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది నర్సులకు రెగ్యులర్ నియామక పత్రాలు ఇచ్చారు. చాలా ఏళ్లు కాంట్రాక్ట్‌లో గడిచిన ఇళ్లలో అది పండగ.

డబ్బెక్కడిదన్న ఆక్షేపణకు తక్కువలో జవాబు చెప్పొచ్చు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల గురించి 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన నిపుణుల కమిటీ ఆచరణకు వీలుగా ఒక మెట్ల వరుస సూచించింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 దాటితే అంతకన్నా 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 దాకా 25 శాతానికి మించి తగ్గకుండా, 50 లోపు ఉన్నవాటిలో కనీసం 20,000 రూపాయలు. చిన్న నర్సింగ్‌హోమ్ మూతపడుతుందన్న బెంగ ఈ వరుసలోనే లెక్కకు వచ్చింది. కరీంనగర్ వీధుల్లో స్కానింగ్ సెంటర్లకూ ఆపరేషన్ థియేటర్లకూ దొరికిన పెట్టుబడి నర్సు జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రమే కరిగిపోతుందంటే, అది లేమి కాదు, ఎంపిక. గల్ఫ్‌కు అలవాటైన ఈ నేల నుంచి ఇప్పుడు నర్సులు జర్మన్ భాష నేర్చుకుంటున్నారు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామే శిక్షణ ఇచ్చి పంపుతోంది. వాళ్లలో సేవాభావం తగ్గిందని తిట్టేవాళ్లు, జర్మనీలో కూడా వాళ్లు చేయబోయేది రోగులకు సేవేనన్న సంగతి మరిచిపోతారు.

ఇక అందరూ గొంతు తగ్గించి అనే ఆక్షేపణ. సిస్టర్లు కసురుకుంటారు కదా, కాన్పు వార్డులో నొప్పులతో ఉన్న ఆడదాన్ని నానా మాటలూ అంటారు కదా, చేతిలో ఏదో పెట్టందే పిల్లను చూపించని చోట్లున్నాయి కదా. అవును, ఉన్నాయి. లంచానికి పనిభారం సాకు కాదు, నొప్పుల్లో ఉన్న మనిషిని అవమానించడానికి ఏ సాకూ లేదు. కానీ కసురుకునే నర్సును చెడ్డ మనిషిగా, ఓర్చుకునే నర్సును దేవతగా చూసినంత కాలం రెండింటికీ కారణాలు వెతకాల్సిన పని మనకు తప్పుతుంది. పాతికమందికి ఒకరున్న రాత్రి ఎంత మంచి మనిషికైనా మాట మొదటి గంటలో ఒకలా, ఎనిమిదో గంటలో ఇంకోలా వస్తుంది. దీని వెనక ఇంకా పాత చరిత్ర ఉంది. రక్తం, మలమూత్రాలు, శవం ముట్టుకునే పనిని మన సమాజం మైలపని అంది. పైకులాల ఇళ్లు ఆడపిల్లలను దానికి పంపలేదు. 1946లో భోర్ కమిటీ లెక్క చూస్తే అప్పటి బ్రిటిష్ పాలిత భారతదేశంలో నర్సులు సుమారు 7,000 మంది, అంటే 43,000 మందికి ఒకరు. పేదరికం ఒక కారణం, మైల ఇంకో కారణం. ఆ ఖాళీని చాలాకాలం కేరళ నుంచి వచ్చిన క్రైస్తవ యువతులు నింపారు. ఇప్పుడు మన ఊళ్ల దళిత, బీసీ, ఆదివాసీ ఇళ్ల పిల్లలు జీఎన్ఎం, బీఎస్సీ చదివి నింపుతున్నారు. చరకుడు పరిచారకుడికి శుచిని గుణంగా చెప్తే, సమాజం ఆ పని చేసేవాళ్లకే అశుచిని అంటగట్టింది. అలాంటి చోట ‘దేవత’ అనే పొగడ్త చాలా చవకగా దొరుకుతుంది. దేవతకు గుడి కడతారు గానీ డ్యూటీ రూములో తలుపుకు గడియ ఉందో లేదో చూడరు. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు పడేలా ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. అలాంటి చట్టం అవసరపడిందంటేనే రోగి తరఫు మనుషుల కోపం ముందుగా ఎవరిమీద విరుచుకుపడుతుందో తెలుస్తుంది. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి వెళ్లిపోతాడు. రాత్రంతా అక్కడ కనబడేది ఆమె ఒక్కతే.

చరకుడి నాలుగో పాదం రోగి అన్నాను. రోగికి చెప్పిన నాలుగు గుణాల్లో ఒకటి తన బాధను చెప్పగలగడం. ఆదిలాబాద్‌లో ఆ పాదం ఎలా నిలబడుతుందో చూడాలి. మహారాష్ట్ర సరిహద్దు అవతల కిన్వట్, యవత్మాల్ వైపు నుంచి మరాఠీ మాట్లాడేవాళ్లు రిమ్స్‌కు వస్తారు. ఏజెన్సీ గూడేల నుంచి గోండీ, కొలామీ మాట్లాడేవాళ్లు వస్తారు. తండాల నుంచి లంబాడీ, పట్నం నుంచి ఉర్దూ. కెరమెరి కొండల మీది గూడెం నుంచి జ్వరంతో వచ్చిన గోండు స్త్రీ తన బాధ ఎక్కడ మొదలైందో, ఎన్ని రోజులైందో, కడుపులో పిండం కదలిక ఆగి ఎంతసేపైందో తన భాషలో చెప్తుంది. డాక్టరుకు ఆ భాష రాకపోవచ్చు. ఆసుపత్రిలో గోండీ తెలిసిన నర్సు ఉంటే, అవతలి వార్డు నుంచి ఆమెను పిలిపిస్తారు. ఆమె తన మంచాలు వదిలి వచ్చి, ఆ మాటలు విని, డాక్టరుకు చెప్పి, డాక్టరు చెప్పింది మళ్లీ ఆ స్త్రీకి చెప్పి, భయపడుతున్న ఆ తల్లికి ఇంకో రెండు మాటలు తనవిగా చెప్పి, వెనక్కి వెళ్లి ఆగిపోయిన ఇంజెక్షన్లు మొదలుపెడుతుంది. మూడో పాదం నాలుగో పాదాన్ని కూడా కాసేపు మోసింది. కేస్ షీటులో నాడి, జ్వరం, బీపీ, ఇచ్చిన మందు, ఇచ్చిన వేళ రాయడానికి గడులున్నాయి. దీన్ని రాయడానికి గడి లేదు. పొద్దున హ్యాండోవర్‌లో ఆమె దీని ప్రస్తావన తేదు, తేవడానికి టైము కూడా ఉండదు. బయట ఉట్నూరు బస్సు హారన్ కొడుతుంటుంది.